సంపులో నీళ్లున్నాయనుకుంటే: సిస్టమ్ మోడళ్లు, సిమ్యులేషన్లు నిజంగా ఏం చెబుతాయి?

రెండేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు ఒకే ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది. మొదటిసారి ఎలక్ట్రీషియన్ వోల్టేజీని తిట్టి వెళ్లిపోయాడు. రెండోసారి వైండింగ్ షాపు కుర్రాడు నల్లబడ్డ రాగితీగ నా చేతిలో పెట్టి, "ఊరికే ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అవుతోంది సార్ ఇది. అందుకే కాలింది" అన్నాడు. పగలంతా ఆఫీసులో సిస్టమ్ మోడళ్లు, సిమ్యులేషన్లు అంటూ కూర్చునేవాణ్ని నేను. నెత్తి మీదున్న ట్యాంకు సంగతి ఆ కుర్రాడు చెప్పేదాకా తట్టలేదు.

ఇప్పుడు ఆ ట్యాంకునే ఉదాహరణగా తీసుకుంటున్నాను. "మోడల్ బేస్డ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్", పొట్టిగా ఎంబీఎస్ఈ, అనే మాట హైదరాబాద్, బెంగళూరు ఇంజనీరింగ్ ఉద్యోగాల ప్రకటనల్లో తరచూ కనిపిస్తోంది. ఈ రంగంలో ఎక్కువగా వాడే సిస్‌ఎంఎల్ అనే భాష రెండో వెర్షన్‌కు 2025లో ఆమోదం రావడంతో దాని మీద చర్చ మళ్లీ లేచింది. ఆ మాట పక్కనే సిమ్యులేషన్, డిజిటల్ ట్విన్ అనే మరో రెండు మాటలు వినిపిస్తుంటాయి. మూడూ ఒకటేనా అని కాలేజీ పిల్లలే కాదు, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా అడుగుతుంటారు.

బొమ్మ, మోడల్, సిమ్యులేషన్: దేని పని దానిదే

సిస్టమ్స్ ఇంజనీరింగ్ ఎందుకు పుట్టిందో మా మోటారే చెబుతుంది. మోటారు మంచిదే. సెన్సర్ మంచిదే. ట్యాంకు ఎక్కడా కారడం లేదు. మూడూ కలిస్తేనే వచ్చింది తంటా. విడివిడిగా పాసైన భాగాలు ఒకచోట చేరాక ఎలా నడుచుకుంటాయో ముందే తేల్చుకోవడం ఈ శాస్త్రం పని.

పాత పద్ధతిలో ఈ సమాచారమంతా కాగితాల్లో, ఫైళ్లలో ఉంటుంది. పంపు వివరాలు ఒక వర్డ్ ఫైల్లో, సెన్సర్ అమరిక ఒక డ్రాయింగులో, "మోటారు గంటకు ఆరుసార్లకు మించి ఆన్ కాకూడదు" అన్న షరతు ఎవరి ఈమెయిల్లోనో. ఒకటి మారితే రెండోదానికి తెలియదు. ఎంబీఎస్ఈలో ఇవన్నీ ఒకే మోడల్‌లో ఉంటాయి: సిస్టమ్ ఏం చేయాలి, అందులో ఏ భాగాలున్నాయి, అవి ఎలా ప్రవర్తిస్తాయి, వాటి అంకెల మధ్య సంబంధం ఏమిటి. తెర మీద కనిపించే డబ్బాలు, బాణాల బొమ్మ ఆ మోడల్‌లోకి తెరిచిన కిటికీ లాంటిది. బొమ్మ చెరిపేసినా మోడల్ పోదు. పవర్‌పాయింట్‌లో గీసిన డబ్బాలకూ దీనికీ తేడా అక్కడే.

అయితే మోడల్ ఉన్నంత మాత్రాన సిమ్యులేషన్ ఉన్నట్టు కాదు. మోడల్ అంటే సిస్టమ్ గురించిన వివరణ. దానికి కాలాన్ని జోడించి, పరిస్థితులు ఇచ్చి, "ఇప్పుడేమవుతుంది, పది నిమిషాలకు ఏమవుతుంది" అని నడిపించి చూడటం సిమ్యులేషన్. డిజిటల్ ట్విన్ అయితే మరో మెట్టు. ఫలానా ఫ్యాక్టరీలో ఫలానా నంబరు యంత్రం నుంచి వచ్చే కొలతలను ఎప్పటికప్పుడు తీసుకుంటూ, ఆ ఒక్క యంత్రంతో పాటే నడిచే మోడల్. అమ్మేవాళ్లు మూడో మాటను మొదటిదానికీ వాడేస్తుంటారు. గందరగోళం సగం అక్కడ పుట్టిందే.

రెండు రాడ్లు, రెండు సెంటీమీటర్లు

మా ట్యాంకు అడుగు వైశాల్యం 5 చదరపు మీటర్లు, లోతు 2 మీటర్లు. అంటే 10,000 లీటర్లు. నీటి మట్టం ఒక సెంటీమీటరు పెరిగిందంటే 50 లీటర్లు చేరినట్టు. పంపు నిమిషానికి 150 లీటర్లు ఎక్కిస్తుంది. పైన రెండు సెన్సర్ రాడ్లు: నీళ్లు పై రాడ్డును తాకితే మోటారు ఆగుతుంది, కింది రాడ్డు కన్నా దిగితే మొదలవుతుంది. ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉండాలని కమిటీ పట్టుబట్టడంతో రెండు రాడ్లనూ బాగా దగ్గరగా పెట్టారు. మధ్య దూరం 2 సెంటీమీటర్లు, అంటే 100 లీటర్లు.

ఉదయం ఏడు గంటలు. అన్ని ఇళ్లలో కలిపి నిమిషానికి 100 లీటర్లు వాడుతున్నారనుకుందాం. మోటారు నడుస్తున్నప్పుడు ట్యాంకులో నికరంగా చేరేది నిమిషానికి 50 లీటర్లు. 100 లీటర్లు నిండటానికి 2 నిమిషాలు. మోటారు ఆగాక అవే 100 లీటర్లు ఖర్చవడానికి 1 నిమిషం. మొత్తం 3 నిమిషాలకు ఒక చక్రం, గంటకు 20 స్టార్టులు. షరతు ఆరు.

మరి రాడ్ల మధ్య ఎంత ఉండాలి? గంటకు ఆరు అంటే చక్రం కనీసం 10 నిమిషాలు పట్టాలి. ఇదే లెక్క తిప్పి చేస్తే సుమారు 333 లీటర్లు వస్తుంది. ఇక్కడితో ఆగి రాడ్డు దించేవాళ్లే ఎక్కువ. నేనూ మొదట ఆగాను.

కానీ వాడకం అన్ని వేళలా నిమిషానికి 100 లీటర్లే ఉండదు కదా. వాడకాన్ని సున్నా నుంచి 150 దాకా కొంచెం కొంచెం మారుస్తూ సిమ్యులేషన్ నడిపితే ఒక విచిత్రం కనిపిస్తుంది. మోటారుకు గడ్డుకాలం వాడకం ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, పంపు సామర్థ్యంలో సరిగ్గా సగం ఉన్నప్పుడు. నిమిషానికి 75 లీటర్లు వాడుతుంటే నిండటానికి ఎంతసేపో ఖాళీ అవడానికీ అంతసేపే. 333 లీటర్లకు చక్రం 8.9 నిమిషాలే వస్తుంది. గంటకు ఆరు దాటిపోయింది. అన్ని వేళలా షరతు నిలవాలంటే 375 లీటర్లు, అంటే 7.5 సెంటీమీటర్లు కావాలి.

ఇంత చిన్న సిస్టమ్‌లోనే మన ఊహ తప్పింది. "బాగా వాడే వేళే ప్రమాదం" అన్నది ఎవరికైనా సహజంగా తోచే మాట. వందల పరిస్థితులు వరుసగా నడిపించి చూస్తేనే అది తప్పని తేలింది. పరిశ్రమల్లో సిమ్యులేషన్‌కు దొరికే మొదటి గౌరవం దీనివల్లే: వస్తువు తయారు కాకముందే, ఏ పరిస్థితి దాన్ని ఇబ్బంది పెడుతుందో వెతికి పెడుతుంది.

పంపు మారిస్తే సెన్సర్‌కు ఎవరు చెబుతారు?

ఇక్కడిదాకా వచ్చింది సిమ్యులేషనే. దీనికి ఎక్సెల్ చాలు. ఎంబీఎస్ఈ అవసరం తర్వాతి అడుగులో వస్తుంది.

పై ఏడాది కమిటీ కొత్త పంపు కొన్నదనుకోండి, నిమిషానికి 200 లీటర్లది. "ఇంకా తొందరగా నిండుతుంది, మంచిదే కదా" అంటారు. 375 లీటర్ల దూరం అలాగే ఉంటే గడ్డుకాలంలో చక్రం 7.5 నిమిషాలకు పడిపోతుంది, గంటకు 8 స్టార్టులు. పంపు కొన్నవారు సెన్సర్‌ను తాకలేదు, సెన్సర్ పెట్టినతనికి పంపు మారిన సంగతి తెలియదు. షరతు మాత్రం తప్పింది.

మోడల్‌లో "గంటకు ఆరు" అన్న షరతుకూ, రాడ్ల దూరానికీ, పంపు సామర్థ్యానికీ, వాటిని పరీక్షించిన సిమ్యులేషన్‌కూ మధ్య లంకెలు ఉంటాయి. పంపు అంకె మార్చగానే ఏ సిమ్యులేషన్ పాతబడిందో, ఏ షరతు మళ్లీ తేల్చుకోవాలో బయటపడుతుంది. ట్యాంకులో ఇలాంటి లంకెలు నాలుగు. ఒక విమానంలో వేలకు వేలు. అక్కడ ఈ పని మనుషుల జ్ఞాపకానికి వదిలేయడం కుదరదు.

నలుగురి మోడళ్లు కలిపి నడిపితే

కార్ల పరిశ్రమలో ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ ఒకరిది, బ్రేకులు ఇంకొకరివి, బ్యాటరీ మరొకరిది. ఒక్కొక్కరు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తారు, పైగా లోపలి లెక్కలు ఎవరికీ చూపించరు. దీనికి విరుగుడుగా జర్మన్ కార్ల కంపెనీ డైమ్లర్ చొరవతో 2008లో మొదలైన ఒక యూరోపియన్ ప్రాజెక్టులోంచి ఎఫ్ఎంఐ అనే ప్రమాణం పుట్టింది. మొదటి వెర్షన్ 2010లో, మూడోది 2022లో వచ్చాయి. దీని ప్రకారం ప్రతి మోడల్‌నూ ఒక జిప్ ఫైలుగా కట్టి ఇస్తారు. లోపల ఏముందో తెలియకపోయినా ఏ అంకెలు ఇవ్వాలో, ఏవి వస్తాయో తెలుస్తుంది. వాటన్నిటినీ కలిపి నడపడాన్ని కో-సిమ్యులేషన్ అంటారు.

ఇందులో ఒక మోసం దాగి ఉంటుంది. మా ట్యాంకు మోడల్ ఒకరు, కంట్రోలర్ మోడల్ ఇంకొకరు చేశారనుకుందాం. రెండూ ఐదు నిమిషాలకోసారి మాట్లాడుకునేలా సెట్ చేశాం. రాత్రి ఎవరూ నీళ్లు వాడటం లేదు. నీళ్లు పై రాడ్డును తాకిన మరుక్షణం ఆ సంగతి కంట్రోలర్‌కు తెలియదు, ఐదు నిమిషాలు పట్టొచ్చు. ఈలోగా 750 లీటర్లు, అంటే 15 సెంటీమీటర్లు పెరిగి ట్యాంకు పొంగినట్టు సిమ్యులేషన్ చూపిస్తుంది. అదే సెకనుకోసారి మాట్లాడుకుంటే తేడా రెండున్నర లీటర్లే. పొంగిన ఆ నీళ్లు ట్యాంకులోవి కావు, సెట్టింగులోవి.

అందుకే ఈ రంగంలో రెండు ప్రశ్నలను వేరువేరుగా అడుగుతారు. లెక్క సరిగ్గా చేశామా? అది వెరిఫికేషన్. చేయాల్సిన లెక్కే చేశామా, నిజానికి దగ్గరగా ఉందా? అది వాలిడేషన్. మోడళ్ల స్థానంలో అసలు వస్తువులను ఒక్కొక్కటిగా తెచ్చి పెట్టడం కూడా ఈ రెండో ప్రశ్న కోసమే. మొదట అంతా మోడళ్లే. తర్వాత కంట్రోలర్ మోడల్ తీసేసి, నిజంగా అందులో వేయబోయే ప్రోగ్రామ్‌ను పెడతారు. ఆ తర్వాత అసలు కంట్రోలర్ డబ్బానే వైర్లతో కంప్యూటర్‌కు కలుపుతారు. డబ్బా నిజం, ట్యాంకు మాత్రం కంప్యూటర్‌లోది. దీన్ని హార్డ్‌వేర్ ఇన్ ద లూప్ అంటారు.

మోడల్ చుట్టూ గీసిన గీత

రాడ్డు దించాం. మోటారు బుద్ధిగా నడిచింది. మే నెలలో ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చి, మోటారు అరుస్తోందని చెప్పాడు. వెళ్లి చూస్తే సంపు ఎండిపోయి ఉంది. కింద నీళ్లు లేకుండానే మోటారు ఎంతసేపు తిరిగిందో ఎవరికీ తెలియదు.

నా మోడల్‌లో తప్పు లేదు. అసలు అందులో సంపే లేదు. "సంపులో ఎప్పుడూ నీళ్లుంటాయి" అన్న మాట నేను ఎక్కడా రాయలేదు, ఎవరూ అడగలేదు, కానీ ప్రతి లెక్కా దాని మీదే నిలబడింది. ప్రతి మోడల్ చుట్టూ ఇలాంటి గీత ఒకటి ఉంటుంది. గీత లోపల ఉన్నవాటి గురించి సిమ్యులేషన్ ఎంతైనా చెబుతుంది. బయట వదిలేసినవాటి గురించి మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని మనం "సమస్య లేదు" అని చదువుకుంటాం.

ఏరియన్ 5: గీత బయట ఉండిపోయిన డబ్బా

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి యూరోపియన్ రాకెట్ ఏరియన్ 5 తొలిసారి లేచింది. ప్రధాన ఇంజిన్ వెలిగిన సుమారు 37 సెకన్లకు పక్కకు తిరిగి, విరిగి, తనను తానే పేల్చేసుకుంది. అది మోసుకెళ్తున్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ దాంతోపాటే పోయాయి.

రాకెట్ ఎటు తిరుగుతోందో, ఎంత వేగంతో వెళ్తోందో చెప్పే పరికరాన్ని పాత ఏరియన్ 4 నుంచి తీసుకున్నారు. అందులో అడ్డు వేగానికి (నేలకు సమాంతరంగా ఉండే వేగానికి) సంబంధించిన ఒక విలువను 64 బిట్ల అంకె నుంచి 16 బిట్ల అంకెలోకి మార్చే చోటు ఉంది. ప్లస్, మైనస్ విలువలు రెండూ పట్టే అలాంటి 16 బిట్ల అంకెలో అతి పెద్ద విలువ 32,767. ఏరియన్ 4 దారిలో ఆ హద్దు ఎప్పుడూ దాటలేదు. ఏరియన్ 5లో అడ్డు వేగం అంతకు ఐదు రెట్లు త్వరగా పెరుగుతుంది. విలువ హద్దు దాటింది, ప్రోగ్రామ్ ఆగిపోయింది. తోడుగా పెట్టిన రెండో పరికరం అప్పటికే 72 మిల్లీసెకన్ల ముందు అదే కారణంతో ఆగిపోయింది. రెండింట్లోనూ ఒకటే సాఫ్ట్‌వేర్ కదా. తప్పు జరిగిందని ఆ పరికరం పంపిన సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ నిజమైన కొలతగా చదువుకుని, ఇంజిన్ నాజిళ్లను చివరిదాకా తిప్పేసింది. ఇంకా బాధపెట్టే సంగతేమిటంటే, ఆ లెక్క రాకెట్ లేచాక ఏరియన్ 5కు అక్కర్లేనే లేదు. పాత అలవాటు ప్రకారం లోపల నడుస్తూ ఉండిపోయింది.

గణితవేత్త లియోన్స్ అధ్యక్షతన వేసిన విచారణ బృందం అదే ఏడాది జూలైలో ఇచ్చిన నివేదికలో మన అంశానికి సంబంధించిన భాగం వేరే ఉంది. రాకెట్ మొత్తాన్నీ కలిపి నడిపిన సిమ్యులేషన్లు చాలానే జరిగాయి. వాటిలో ఆ పరికరం మాత్రం లేదు. దాని స్థానంలో దానిలా నటించే ఒక ప్రోగ్రామ్‌ను పెట్టారు. అందుకు చెప్పిన కారణాలు విడివిడిగా చూస్తే సబబుగానే ఉంటాయి. పరికరం విడిగా అప్పటికే పరీక్షల్లో పాసైంది. అంత కచ్చితమైన నకిలీ సంకేతాలు ఇవ్వడం ప్రయోగశాలలో కష్టం. పరికరం మిల్లీసెకనుకోసారి పనిచేస్తుంది, సిమ్యులేటర్ ఆరు మిల్లీసెకన్లకోసారి. మన ట్యాంకు, కంట్రోలర్‌ల ఐదు నిమిషాల గొడవకు ఇది పెద్దన్న. అన్నిటికన్నా ముందు, ఆ పరికరం ఏం తట్టుకోవాలో రాసిన పత్రంలో ఏరియన్ 5 ప్రయాణ మార్గమే లేదు.

ప్రమాదం తర్వాత అసలు సాఫ్ట్‌వేర్‌కు అసలు ప్రయాణ మార్గం అంకెలు ఇచ్చి సిమ్యులేషన్ నడిపారు. జరిగినదంతా వరుసగా మళ్లీ జరిగింది. అంటే ఆ తప్పును పట్టుకునే శక్తి సిమ్యులేషన్‌కు లేక కాదు, ఎవరూ దాన్ని ఆ ప్రశ్న అడగలేదు.

ఎంబీఎస్ఈని సమర్థించేవారికి ఈ కథ ఇష్టం. పరికరం షరతులూ, ప్రయాణ మార్గమూ ఒకే మోడల్‌లో ఉండి ఉంటే లంకె తెగిన చోటు కనిపించేదని వాదిస్తారు. కావచ్చు. కానీ "ఈ పరికరం ఇప్పటికే పాసైంది" అన్న నమ్మకాన్ని మోడల్‌లో రాసినవారు కూడా అలాగే రాసి ఉండేవారేమో. సాధనం మారినా ధీమా మారదు.

చంద్రయాన్: తప్పులనే గీత లోపలికి పిలవడం

దీనికి వ్యతిరేక దిశలో నడిచిన ఉదాహరణ మనకు దగ్గర్లోనే ఉంది. 2019 సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. అప్పుడేం జరిగిందో 2023లో ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ వివరించారు. ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోపుడు బలం (థ్రస్ట్) ఇచ్చాయి, తేడాలు పేరుకున్నాయి. వాటిని సరిచేయడానికి ల్యాండర్ చాలా వేగంగా తిరగాల్సి వచ్చింది, అంత వేగాన్ని సాఫ్ట్‌వేర్ అనుమతించలేదు. దిగడానికి ఇచ్చిన చోటేమో 500 మీటర్లకు 500 మీటర్లు.

చంద్రయాన్-3ని వేరే ప్రశ్నతో మొదలుపెట్టారు. అన్నీ సవ్యంగా ఉంటే ఎలా దిగాలి అని కాకుండా, సెన్సర్ చెడిపోతే, ఇంజిన్ ఆగితే, లెక్క తప్పితే ఎలా దిగాలి అని. దిగే చోటును 4 కిలోమీటర్లకు 2.4 కిలోమీటర్లుగా పెంచారు. ఇంజిన్లు ఐదు నుంచి నాలుగయ్యాయి, కాళ్లను బలపరిచారు, వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం చేర్చారు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి లేచి, ఆగస్టు 23న దిగింది. ఇక్కడ పెరిగింది కంప్యూటర్ల శక్తి కాదు, గీత లోపలికి రానిచ్చిన చెడు పరిస్థితుల సంఖ్య.

అన్నిటికన్నా కష్టం మనిషిని మోడల్ చేయడం. బోయింగ్ 737 మాక్స్ విషయంలో, ఒక సాఫ్ట్‌వేర్ దానంతటదే విమానం ముక్కును కిందికి దించితే పైలట్లు ఏం చేస్తారో సిమ్యులేటర్‌లో చూశారు. అయితే దానికి మూలమైన సెన్సర్ చెడినప్పుడు కాక్‌పిట్‌లో ఒక్కసారిగా మోగే మిగతా హెచ్చరికలను ఆ పరీక్షలో కలపలేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు 2019 సెప్టెంబర్‌లో తేల్చింది. అప్పటికే రెండు ప్రమాదాల్లో 346 మంది చనిపోయారు.

లాభమెంత? ఇంకా తెగని వాదన

సమర్థకుల మాటలో బలముంది. తప్పు కాగితం మీద దొరికితే చెరిపేస్తే పోతుంది, ఫ్యాక్టరీలో దొరికితే అచ్చులు మార్చాలి, వినియోగదారుడి దగ్గర దొరికితే వాహనాలన్నీ వెనక్కి పిలవాలి. విమానాలు, ఉపగ్రహాలు, వైద్య పరికరాలు చేసేవాళ్లు ప్రతి షరతునూ ఎలా పరీక్షించారో ఆధారాలతో చూపించాలి. లంకెలున్న మోడల్ ఉంటే ఆ పని సులువవుతుంది.

అనుమానించేవాళ్ల మాటలోనూ బలముంది. 2021లో 360 పరిశోధన పత్రాలను జల్లెడ పట్టిన ఒక సమీక్షలో, ఎంబీఎస్ఈ వల్ల కలిగాయని చెప్పే లాభాల్లో మూడింట రెండొంతులు "అలా అనిపించింది" అన్న స్థాయి ఆధారాలవేనని తేలింది. కొలిచి చూపించిన పత్రాలు రెండే. అంటే లాభం లేదని కాదు, కొలవడం కష్టమని. ఒకే ప్రాజెక్టును రెండు పద్ధతుల్లోనూ చేసి పోల్చి చూసేంత డబ్బు ఎవరి దగ్గరుంటుంది? దీనికితోడు మోడల్‌ను రోజూ తాజాగా ఉంచే మనుషులు కావాలి. పాతబడిన మోడల్ అసలు లేనిదానికన్నా ప్రమాదం, దాన్ని జనం నమ్ముతారు కాబట్టి. సమీక్ష రోజున అందంగా కనిపించడానికే గీసి, ఆ తర్వాత ఎవరూ తెరవని మోడళ్లను నేను చాలానే చూశాను.

సిస్‌ఎంఎల్ కొత్త వెర్షన్ ఈ విసుగును కొంత తగ్గించవచ్చు. మోడల్‌ను బొమ్మలుగానే కాక మామూలు ప్రోగ్రామ్ లాగా అక్షరాల్లోనూ రాయొచ్చు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏ లైను మారిందో పోల్చుకోవచ్చు, వేరే సాఫ్ట్‌వేర్లతో మాట్లాడటానికి ఒక ప్రామాణిక దారీ ఉంది. పాత వెర్షన్‌లో ఉన్న మోడళ్లను ఇందులోకి తేవడం మాత్రం ఒక పెద్ద పనే.

మా ట్యాంకుకు ఇవేవీ అక్కర్లేకపోయింది. ఒక ఎక్సెల్ షీటు, అందులో చివరి పేజీలో "ఇవి నిజమనుకుని లెక్క చేశాను" అన్న ఆరు లైన్లు. రాడ్ల మధ్య ఇప్పుడు 20 సెంటీమీటర్లు, అంటే 1000 లీటర్లు ఉంది. గడ్డుకాలంలోనూ గంటకు రెండు, మూడు స్టార్టులే. 7.5 చాలదా అంటే, పైపు నుంచి నీళ్లు పడుతున్నప్పుడు లేచే అలలు కూడా నా మొదటి లెక్కలో లేవు. ట్యాంకు నిండుగా ఉండటం లేదని మూడో అంతస్తు పెద్దాయన ఇప్పటికీ సణుగుతుంటారు. కరెంటు పోయిన రోజు ఆ మాటా నిజమే, వెయ్యి లీటర్లు తక్కువే ఉండొచ్చు. కింద సంపులో ఇంకో రాడ్డు వేలాడుతోంది.